మెడలోని లైనుకు పట్టిన క్రిమి ఎవరి చేతిది?

ప్రశ్న సారాంశం: శ్రీకాకుళం జిల్లా కవిటి ప్రాంతం నుంచి 38 ఏళ్ళ గృహిణి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. కొబ్బరి దింపుకు వెళ్ళే ఆమె భర్తకు రెండేళ్ళ క్రితం కిడ్నీలు పాడైనట్టు తేలింది. 14 నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఎడమ మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) పని చేయకపోవడంతో మెడకు కుడివైపున సిరలోకి ‘పెర్మ్ కాత్’ అనే గొట్టం, అంటే లైను, వేశారు. మోచేతి దగ్గర రెండో ఫిస్టులా వేయించుకోమని డాక్టర్లు చెప్పినా, జీడి పంట చేతికి వచ్చాక చూద్దామని వాయిదా వేసుకున్నారు. ఎండాకాలంలో చెమటకు మెడ మీది ప్లాస్టరు లేచిపోతే ఈమే ఇంట్లో రెండుసార్లు మార్చారు. పది రోజుల తరువాత, డయాలసిస్ మెషీను మొదలైన అరగంటకు ఆయనకు వణుకుతో జ్వరం వచ్చింది. మరుసటి వారం మళ్ళీ అలాగే వచ్చింది. ఊళ్ళోని ఆర్‌ఎంపీ, భర్తకు వరసకు మామ, సెఫిక్సిమ్ బిళ్ళలు రెండు రోజులు, సిప్రోఫ్లాక్సాసిన్ మూడు రోజులు, అమికాసిన్ ఇంజక్షన్లు రెండు ఇచ్చారు. మొదటి బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) చూసిన డాక్టరు ‘చర్మం మీది క్రిమి కలిసి ఉండవచ్చు’ అన్నారు. విశాఖపట్నంలో చేయించిన రెండో కల్చర్ చూసిన డాక్టరు లైను తీసేయాలన్నారు. భర్త ఒప్పుకోవడం లేదు. మామ తానే ఇంట్లో ‘పెద్ద ఇంజక్షన్’ వేస్తానంటున్నారు. అత్తగారు మాత్రం ‘నువ్వు ముట్టుకున్నాకే కదే జొరం వొచ్చింది, నీ చెయ్యే మంచిది కాదు’ అని పదిమందిలో అంటూ, పదేళ్ళ మనవణ్ణి తండ్రి దగ్గర పడుకోనివ్వడం మానేశారు. మామ ఇచ్చిన మందుల సంగతి డాక్టర్లకు చెప్పలేదని, ఆ తప్పు తనను తినేస్తోందని ఆమె రాశారు. రెండు రిపోర్టుల నకళ్ళు కూడా జతచేశారు.

సమాధానం:

అమ్మా, ముందుగా రిపోర్టుల విషయం తేల్చుకుందాం. మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా తికమక పెడుతున్నది ఇద్దరు డాక్టర్లు చెరొక మాట చెప్పారన్న సంగతి. నిజానికి వారిద్దరూ ఒకరినొకరు కాదనలేదు. మొదటి డాక్టరు చేతిలో ఉన్నది ఒకే ఒక సీసా ఫలితం, అదీ లైనులోంచి తీసిన రక్తం. అందులో ‘కోయాగులేజ్ నెగెటివ్ స్టెఫిలోకాకస్’ పెరిగిందని మాత్రమే ఉంది. అది ఒక క్రిమి పేరు కాదు, చర్మం మీద కాపురముండే పెద్ద కుటుంబం పేరు. సూది గుచ్చేటప్పుడు చర్మం సరిగా తుడవకపోయినా, సీసా మూత తుడవకపోయినా ఆ కుటుంబంలోని క్రిమి సీసాలోకి దిగుతుంది. కాబట్టి ఒక్క సీసా చూసి ‘ఇది కలుషితం కావచ్చు’ అనడం అజాగ్రత్త కాదు. నేను ల్యాబులో పని చేసిన కాలంలో అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు ప్రతిసారీ వార్డుకు ఫోన్ చేసి, రెండో సీసా ఏదని అడిగేవాణ్ణి.

విశాఖపట్నంలో ఆ రెండో సీసా తీశారు. చేతి నుంచి ఒకటి, లైను నుంచి ఒకటి ఒకే సమయంలో తీశారని, రెండింటిలోనూ స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ పెరిగిందని, లైను సీసా చేతి సీసాకంటే ఐదు గంటల ముందే ల్యాబు మెషీనులో క్రిమి పెరిగిందని గంట కొట్టిందని మీరు పంపిన కాగితంలో ఉంది. ఈ తేడా రెండు గంటలు దాటితే క్రిములు గూడు కట్టుకున్నది లైనులోనేనని అనుమానించాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. దానికి తోడు జ్వరం వచ్చిన తీరు చూడండి. ఇంట్లో ఉన్నప్పుడు రాదు, డయాలసిస్ మెషీను తిప్పగానే వణుకు మొదలవుతుంది. గొట్టం లోపలి గోడకు అతుక్కున్న క్రిములు రక్తం వేగంగా పారినప్పుడు ఊడి ఒంట్లోకి కొట్టుకుపోతాయి, అందుకే ఆ అరగంట లెక్క. ఇవన్నీ కలిపి చూస్తే కలుషితం అన్న అనుమానం నా ఉద్దేశంలో దాదాపు తొలగిపోయినట్టే. మొదటి డాక్టరుకు ఈ రెండో కాగితం చూపిస్తే ఆయన కూడా ఇదే అంటారు.

ఇక ఆ క్రిమి ఎవరిదన్న ప్రశ్న. మీ ఉత్తరంలో ఆరు పేజీలకు నాలుగు పేజీలు దీని చుట్టూనే తిరిగాయి కనుక నేనూ దీని మీద కొంత సేపు ఆగుతాను.

మేము వైద్య విద్యార్థులకు మైక్రోబయాలజీ నేర్పేటప్పుడు మొదటి వారంలోనే ఒక పని చేయించేవాళ్ళం. అందరినీ వేలికొనలు అగార్ పళ్ళెం (క్రిములు పెరగడానికి జెల్లీ పోసిన పళ్ళెం) మీద మెల్లగా అద్దమని, పళ్ళెం వెనక పేరు రాయమని చెప్పేవాళ్ళం. మర్నాడు చూస్తే ప్రతి వేలిముద్రా ఆవగింజంత తెల్లని చుక్కలతో పూత పూసి ఉండేది. చేతులు కడుక్కున్నామని పందెం కాసినవాళ్ళవీ అంతే, మా ప్రొఫెసరు గారి పళ్ళెమూ అంతే. ఆ తెల్ల చుక్కల్లో సింహభాగం మీ రిపోర్టులో ఉన్న ఈ ఎపిడెర్మిడిస్ బంధువర్గమే. రోజెన్‌బాఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1884లో ఈ క్రిములను బంగారు రంగువి, తెల్లనివి అని రెండుగా విడదీశాడు. బంగారు రంగుది చీము పుట్టించే దుర్మార్గురాలని, తెల్లది అమాయకురాలని అప్పటి నుంచి పేరు పడిపోయింది. అమాయకత్వం చాలావరకు నిజమే కూడా, చర్మం మీద చోటు ఆక్రమించుకుని వేరే చెడ్డ క్రిములను రానివ్వకుండా అది మనకు మేలే చేస్తుంది. మనిషి ఒంట్లోకి ప్లాస్టిక్ గొట్టాలు, కృత్రిమ కవాటాలు, లోహపు కీళ్ళు దిగడం మొదలయ్యాకనే దాని రెండో ముఖం బయటపడింది. రక్తంలో ఒంటరిగా దొరికితే తెల్లకణాలు దాన్ని సులువుగా మింగేస్తాయి గాని, ప్లాస్టిక్ మీద పడితే అది జిగురు పొర అల్లుకుని అందులో గుంపుగా దాక్కుంటుంది. చెరువు మెట్ల మీద పాచి పట్టినట్టన్న మాట. పైనుంచి ఎంత నీళ్ళు పోసినా పాచి పోదు, గీకితేనే పోతుంది.

కాబట్టి మీ భర్త లైనులో ఉన్న క్రిమి మీ చేతిది కావచ్చు, ఆయన చేతిది కావచ్చు, నర్సు చేతిది కావచ్చు. అయితే అందరికంటే ఎక్కువ అవకాశం ఉన్నది ఆయన సొంత చర్మానికే. కిడ్నీలు చెడినవారికి ఒళ్ళంతా దురద ఉంటుంది. రాత్రంతా మెడ గోక్కుంటారని, మెడ చుట్టూ తువ్వాలు తీయరని మీరే రాశారు. ఆ తువ్వాలు కింద, తడిసిన ప్లాస్టరు అంచున, ‘నల్లటి జిగురు పేరుకుని’ ఉన్న చోట క్రిమికి కావలసిన చెమ్మ, వెచ్చదనం, దారి మూడూ ఉన్నాయి. మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం మాత్రం చెప్పను. ప్లాస్టరును ఇంట్లో విప్పడం సరైన పని కాదు, అదీ ఒక దారి అయి ఉండవచ్చు. అయితే ప్లాస్టరు లేచిపోతే ఏం చేయాలో 14 నెలల్లో మీకు ఎవరూ చెప్పలేదు. లేచిన ప్లాస్టరును అలాగే వదిలేసినా అదే ప్రమాదం ఉండేది. ఇకముందు అలా జరిగితే దాన్ని పీకవద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, ముక్కు నోరు కప్పుకుని, పాకెట్ విప్పని శుభ్రమైన గాజు గుడ్డ పైన ఉంచి టేపు వేసి, అదే రోజు డయాలసిస్ సెంటరుకు తీసుకువెళ్ళండి. అక్కడ క్లోర్‌హెక్సిడిన్ మందుతో తుడిచి, అది పూర్తిగా ఆరిన తరువాతే కొత్త ప్లాస్టరు వేయాలి. తడి ఆరకముందే అతికిస్తున్నారా లేదా అన్నది మీరు పక్కన నిలబడి చూడవచ్చు, అడగవచ్చు కూడా.

ఇప్పుడు మీరు సిగ్గుపడుతూ రాసిన సంగతికి వస్తాను, మామ గారు ఇచ్చిన మందులకు. మీ రెండో రిపోర్టులో 11 మందుల పేర్లున్నాయి. ఎనిమిదింటి ఎదుట ‘ఆర్’ అన్న అక్షరం, అంటే ఆ మందుకు క్రిమి లొంగదని. వాంకోమైసిన్, లినెజోలిడ్, డాప్టోమైసిన్ మూడింటి ఎదుటే ‘ఎస్’, అంటే లొంగుతుందని. ఆసుపత్రుల్లో దొరికే ఎపిడెర్మిడిస్‌లలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇలాగే ఉంటున్నాయి. పెన్సిలిన్ జాతి మందులు పట్టుకునే పిడిని అవి మార్చేసుకున్నాయి, అందువల్ల సెఫిక్సిమ్ లాంటి బిళ్ళ ఎన్ని రోజులు మింగినా ఉపయోగం ఉండదు. ఇంకా చిత్రమైనది సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి. ఆ మందు చెమటలోకి కూడా దిగుతుందని, దాన్ని వాడిన కొద్ది రోజులకే చర్మం మీది ఎపిడెర్మిడిస్ ఆ మందుకు మొండిదైపోతోందని 1990ల నాటి పరిశోధనల్లో తేలింది. అంటే జ్వరానికని మూడు రోజులు ఆ బిళ్ళ మింగిన మనిషి ఒంటి మీద చెమట పట్టిన చోటల్లా మెత్తని క్రిములు చచ్చి, మొండివి మిగిలి, ఖాళీ అయిన చోటులో అవే పెరుగుతాయి. రేపు సూది గుచ్చినా, లైను వేసినా లోపలికి పోయేది ఆ మొండివే. మందులకు ఎదురు తిరిగిన క్రిమి ఎక్కడినుంచో వచ్చి అంటుకుంటుందని మనం అనుకుంటాం గాని, చాలాసార్లు దాన్ని మన చర్మం మీదే, మన చేతులతోనే పెంచుకుంటున్నాం. మెల్‌బోర్న్ పరిశోధకులు అనేక దేశాల ఆసుపత్రుల నుంచి సేకరించిన ఎపిడెర్మిడిస్ నమూనాలను పోల్చి 2018లో ప్రకటించిన ఫలితం ఇంకా కలవరపెట్టేది. ఈ క్రిమిలోని మూడు వంశాలు దేశాలు దాటి వ్యాపించాయని, రిఫాంపిసిన్ అనే మందుకు పూర్తిగా ఎదురు తిరిగి, చివరి ఆసరా అనుకునే వాంకోమైసిన్‌కు కూడా సరిగా లొంగడం లేదని వారు చూపించారు. మీ భర్త క్రిమి వాంకోమైసిన్‌కు లొంగుతుందనే రిపోర్టులో ఉంది, ‘ఎస్’ అన్న మూడు మందులు మీకింకా మిగిలే ఉన్నాయి. వాటిని అర్ధాంతరంగా వాడి పోగొట్టుకోకూడదన్నదే నా ఆదుర్దా.

ఈ మందుల చరిత్రను డాక్టర్లకు దాచడం వల్ల రెండు నష్టాలు. యాంటీబయోటిక్ ఒంట్లో ఉండగా కల్చర్ తీస్తే కొన్నిసార్లు క్రిమి పెరగదు, ‘ఏమీ లేదు’ అన్న రిపోర్టు అబద్ధమై కూర్చుంటుంది. రెండోది అమికాసిన్. మీ భర్తకు ఇప్పటికీ రోజుకు ఒక గ్లాసు మూత్రం వస్తోందని రాశారు. డయాలసిస్ మీద ఉన్నవారికి ఆ గ్లాసే బంగారం. అమికాసిన్ దాన్ని ఎండగట్టగలదు, చెవులనూ దెబ్బతీయగలదు. ఒళ్ళునొప్పులకు వేసే డైక్లోఫెనాక్ కూడా ఆ మూత్రాన్ని తగ్గించగలదు. కనుక తేదీలతో సహా చెప్పేయండి. డాక్టరు కోప్పడవచ్చు, ఆ కోపం పది నిమిషాల్లో పోతుంది.

లైను విషయంలో మీ ముందున్నవి ఏమిటో చూద్దాం. విశాఖ డాక్టరు చెప్పినట్టు లైను తీసేయడం మొదటిది. పాచి పట్టిన గొట్టమే పోతుంది కనుక జ్వరం తిరగబెట్టే అవకాశం దీనిలోనే తక్కువ. ఒకటి రెండు రోజులు ఆగి, లేదా తాత్కాలిక లైను మీద డయాలసిస్ నడిపి, కల్చర్ శుభ్రమైన తరువాత కొత్తది వేస్తారు, ఈలోగా వాంకోమైసిన్ డయాలసిస్ సమయంలోనే ఎక్కిస్తారు. మీ భర్త భయం, ‘ఈ పక్క పోతే ఆ పక్క, ఆ పక్క కూడా పోతే ఇక చోటెక్కడ’ అన్నది, మొండితనం అని కొట్టిపారేయవలసింది కాదు. సిరలు నిజంగానే లెక్కపెట్టినన్నే ఉంటాయి, లైను వేసిన సిర తరువాత సన్నబడవచ్చు కూడా. ఆ భయానికి తగిన జవాబు ఇంకొక పద్ధతిలో ఉంది. జ్వరం తగ్గి, లైను బయటికి వచ్చే చోట చీము గాని ఎరుపు గాని లేకపోతే, పాత లైను గుండా సన్నని తీగ దింపి, దాని మీదుగా పాతది తీసి కొత్తది అదే దారిలో వేయవచ్చు. చోటూ దక్కుతుంది, పాచీ పోతుంది. ‘తీగ మీద మార్చడం కుదురుతుందా’ అని ఆయన ఎదుటే డాక్టరును అడగండి. ఆయన ఒప్పుకోకపోవడానికి కారణం ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడమేనని నాకనిపిస్తోంది.

ఉన్న లైనునే ఉంచి, మందు రక్తంలోకి ఎక్కిస్తూ, డయాలసిస్ అయ్యాక గొట్టంలో కూడా గాఢమైన యాంటీబయోటిక్ నింపి మూసే పద్ధతి ఇంకొకటుంది. ఇది ఎపిడెర్మిడిస్ కాబట్టి ఆ ఆలోచనకైనా తావుంది. అదే బంగారు రంగు క్రిమి అయితే లైను తీయాల్సిందే. ఎపిడెర్మిడిస్ కుటుంబంలోనిదే అయిన లుగ్డునెన్సిస్ కూడా అంత పెంకిదే. అందుకే కుటుంబం పేరుతో సరిపెట్టక క్రిమి అసలు పేరు రాయించుకోవాలని నేనంటాను. మీ రెండో రిపోర్టులో ఆ పేరు ఉండడం అదృష్టం. కానీ లైను ఉంచేసినవారిలో కొందరికి మందు ఆపిన కొన్ని వారాలకే వణుకు తిరిగి వస్తుంది, అప్పుడు ఇన్నాళ్ళ ఖర్చూ నీళ్ళపాలు. ఇప్పటికే రెండుసార్లు వణుకు వచ్చిన మనిషి విషయంలో నేను దీన్ని మొదటి ఎంపికగా తీసుకోను, అయినా తుది మాట ఆయన్ను చేత్తో పరీక్షించిన డాక్టరుది.

మామ గారు ఇంట్లో వేస్తానంటున్న ‘పెద్ద ఇంజక్షన్’ పేరు మీరు రాయలేదు. అది వాంకోమైసినే అయితే, దాన్ని సిరలోకి గంటకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే ఒళ్ళు ఎర్రగా మారి బీపీ పడిపోతుంది. డయాలసిస్ మనిషికి అది ఎంత, ఏ రోజు అన్నది రక్తంలో మందు మోతాదు చూసి నిర్ణయిస్తారు. ఇంటి మంచం మీద అయ్యే పని కాదది. పైగా పాచి పట్టిన గొట్టాన్ని అలాగే ఉంచి నాలుగు రోజులు వేసి ఆపేస్తే మిగిలిన మూడు మందుల్లో ఒకటి పోవచ్చు.

అయినా ఆయనతో తగవు పెట్టుకోవడం మీకు సాధ్యం కాదని నాకు తెలుసు. ఫిస్టులా ఆపరేషన్‌కు 60,000 రూపాయలు వడ్డీ లేకుండా సర్దిన మనిషి, అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి. ఉద్దానం పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఏమిటో నేను చూశాను. ఆయన్ను తప్పుపట్టకుండానే పక్కకు తప్పించవచ్చు. వచ్చే డయాలసిస్‌కు ఆయన్నే తోడు రమ్మనండి. ఎనిమిది ‘ఆర్’లున్న కాగితాన్ని డాక్టరు ఆయనకే వివరిస్తే, ఆయనే మీ భర్తను ఒప్పించే మనిషి కావచ్చు. అందుకు ఆయన అభిమానం అడ్డు వస్తే, ‘డాక్టరు బయటి ఇంజక్షన్ వద్దన్నారు మామయ్యా, బీపీ చూడడానికి మాత్రం నువ్వే రావాలి’ అని డాక్టరు మీదికి తోసేయండి. అబద్ధం కాదది. సెఫిక్సిమ్ వంటి మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మినది రిజిస్టరులో రాసుకోవాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. ఎంత అమలవుతోందో మీ వీధి మందుల షాపు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

పిల్లవాణ్ణి తండ్రికి దూరం చేయనక్కరలేదు. రక్తంలోని ఈ క్రిమి గాలిలో ఎగిరి అంటుకునేది కాదు, పక్కన పడుకుంటే వచ్చేదీ కాదు. తువ్వాలు వేరుగా ఉంచితే, లైను మీద పిల్లవాడు చేయి వేయకుండా చూసుకుంటే, చేతులు కడుక్కుంటే చాలు. అత్తగారికి ఈ మాట మీరు చెబితే వాదన అవుతుంది. సెంటరులో సీనియర్ నర్సు చేత, మీ భర్త ఎదుట చెప్పించండి. ‘అందరి ఒంటి మీదా ఉండే క్రిమే’ అన్న ఒక్క వాక్యం చాలు. కొడుకు కళ్ళ ముందు వణికిపోతుంటే ఆ తల్లి భయానికి ఒక కారణం కావాలి, చేతికి దగ్గరగా దొరికింది మీరు. అలాగని మీరు పడిన మాట చిన్నదని నేననడం లేదు. పదిమందిలో అన్న మాటను తీసేయవలసినవాడు మీ భర్త. ఆ సంగతి ఆయనతో జ్వరం లేని రోజున స్పష్టంగా మాట్లాడండి.

రెండో ఫిస్టులాను ఇక జీడి పంటతో ముడిపెట్టకండి. మెడ లైను ఉన్నంతకాలం ఈ కథ మళ్ళీ మొదలుకావచ్చు. ఫిస్టులా ఆయన సొంత సిరే కనుక అక్కడ క్రిమి గూడు కట్టడం చాలా అరుదు. అది వేశాక పక్వానికి రావడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది, అంటే ఎంత ఆలస్యం చేస్తే లైను మీద అంత కాలం. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రిలోనో, విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రిలోనో, లేదా మీకు దగ్గరని బరంపురంలోనో, ఎక్కడ ముందు తేదీ ఇస్తారో ఈ వారమే విచారించండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, పాత ఆపరేషన్ కాగితం వెంట ఉంచుకోండి. ఈలోగా ఫిస్టులా వేయబోయే చేతికి బీపీ పట్టీ కట్టనివ్వవద్దు, రక్తం తీయనివ్వవద్దు. సెలైన్‌కు అందరూ ముందుగా వెతికేది ఆ సిరనే.

రెండు రోజులుగా జ్వరం లేదు కాబట్టి తగ్గిపోయిందని మీ భర్త అంటున్నారట. మెషీను తిరగని రోజు జ్వరం ఉండకపోవడం ఈ జబ్బు లక్షణమే. వచ్చే డయాలసిస్‌లో వణుకు మొదలైతే, మందు ఎక్కించకముందే చేతి నుంచి, లైను నుంచి రెండు సీసాలు తీయమని అడగండి. నడుము నొప్పి కొత్తగా మొదలై రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా, మందు మొదలైన మూడు రోజులకూ జ్వరం దిగకపోయినా గుండె కవాటాలకు ఎకో, వెన్నెముకకు స్కాన్ అవసరమవుతాయి. ఈ క్రిమి ఆ రెండు చోట్లా కూర్చోగలదు. ఊపిరి ఆడకపోవడం, మాట తడబడడం, బీపీ పడిపోయి ఒళ్ళు చల్లబడడం వంటివి కనిపిస్తే డయాలసిస్ రోజు కోసం ఆగకుండా, మామ గారి కోసం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న మందుల పట్టీలు, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసి తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంచండి.